మనం ఎక్కించని సేఫ్టీకోర్‌ను తొలగించే దారి

ఫోన్‌లో మనం ఎక్కించిన గుర్తు లేని ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ సేఫ్టీకోర్’ అనే యాప్ కనిపిస్తే, మన ఫొటోలను ఎవరో చూస్తున్నారేమోనన్న కలవరం సహజమే. బెంగళూరు మారతహళ్ళిలో మా గదిలోని నలుగురి ఫోన్లలోనూ అది ఉంది. గూగుల్ మెసేజెస్ యాప్‌లో వచ్చే నగ్న చిత్రాలను గుర్తించి మసకబరచి, హెచ్చరించడానికి తోడ్పడే ఈ భాగం 2024 చివరి నుంచి ఫోన్లలో చేరుతున్నది. పరిశీలన అంతా ఫోన్‌లోనే జరుగుతుందని గూగుల్ చెబుతున్నది. అయినా వద్దనుకునేవారు సెట్టింగ్స్‌లో యాప్స్ తెరచి, అన్ని యాప్‌ల జాబితాలో పైనున్న మూడు చుక్కలను నొక్కి, ‘షో సిస్టమ్’ ఎంచుకుని, ఆ పేరు వెతికి అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చు. రెండు నిమిషాల పని. అయితే అప్‌డేట్‌లతో పాటు అది తిరిగి రావచ్చు కనుక అప్పుడప్పుడు చూసుకోవాలి. పిల్లల ఫోన్లలో మాత్రం దీన్ని తొలగించకండి; తొలగిస్తే ఆ హెచ్చరికలు ఆగిపోతాయి.