ఇంగ్లండ్ నదుల్లో గాలం వేద్దామనుకునే మనవాళ్ళకి: ఏం కొనాలి, ఎలా మొదలెట్టాలి

ఇక్కడికొచ్చి సెటిలైన మనవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే, "అన్నా, చిన్నప్పుడు కాలవ గట్టున గాలం వేసేవాళ్ళం, ఇక్కడ ఇంటి పక్కనే నది ఉంది, మళ్ళీ మొదలెడదామనుంది, ఏ రాడ్ కొనమంటావ్" అని. రాడ్ సంగతి తర్వాత, ముందు ఏ నదికి వెళ్తావ్, ఏ చేప కోసం వెళ్తావ్ అది చెప్పు అంటాను నేను. ఈ పనిలో సామాను చేపని బట్టి కొనుక్కోవాలి, షాపులో ఆఫర్‌ని బట్టి కాదు. మొదటి ఏడాది నేను సరిగ్గా దీనికి ఉల్టా చేశాను, అన్నిటికీ పనికొస్తుందని చెప్తే ఒక సెట్ కొన్నాను, దాని రాడ్ ఎంత మొండిగా ఉందంటే వేలెడు చేప ఎర ముట్టుకున్నా చేతికి తెలిసేది కాదు, కొంచెం పెద్దది పడితే రాడ్ వంగక లైన్ పుటుక్కున తెగిపోయేది. ఆ వేసవంతా అలాగే పోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు రూల్స్, ఎందుకంటే ఇక్కడ అవి లేకుండా గట్టు మీద కూర్చోవడానికి లేదు. సాల్మన్, ట్రౌట్ లాంటివి గేమ్ ఫిష్, మిగతా మంచినీటి చేపలన్నీ కోర్స్ ఫిష్, వాటి వేటే కోర్స్ ఫిషింగ్. 13 ఏళ్ళు దాటిన ఎవరికైనా రాడ్ లైసెన్స్ ఉండాలి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోవచ్చు, ఒక్కరోజుకి, 8 రోజులకి, ఏడాదికి మూడు రకాలు ఉంటాయి, 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి ఫ్రీయే కానీ తీసుకోవడం మాత్రం తప్పనిసరి. లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. ఇంకో మాట, లైసెన్స్ ఉంది కదా అని ఎక్కడ పడితే అక్కడ వేయడానికి లేదు, నది గట్టు ఎవరో ఒకరిది, క్లబ్బుదో రైతుదో, వాళ్ళ డే టికెటో మెంబర్‌షిప్పో వేరేగా కావాలి. మన దగ్గర లాగా ఏటి గట్టు అందరిదీ అనుకుంటే గొడవైపోద్ది. లండన్‌లో ఉండేవాళ్ళకి మాత్రం ఒక అదృష్టం ఉంది, టెడ్డింగ్టన్ లాక్ కింద నుంచి థేమ్స్‌లో పోటు వచ్చే భాగంలో లైసెన్స్ ఒక్కటుంటే చాలు.

నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కోర్స్ చేపల వేట బంద్, అవి గుడ్లు పెట్టే కాలం. జూన్ 16న మళ్ళీ మొదలు, ఆ రోజు కోసం ఇక్కడివాళ్ళు పండగకి ఎదురుచూసినట్టు చూస్తారు, కొందరు ముందురోజు రాత్రే వెళ్ళి గట్టున కూర్చుని పన్నెండు కొట్టాక మొదటి గాలం వేస్తారు.

ఇక చేపలు. రోచ్, డేస్ అనేవి వెండి రంగు చిన్న చేపలు, అరచేతి సైజు దగ్గర్నుంచి మొదలు, దాదాపు ప్రతి నదిలో ఉంటాయి. చబ్ అంటే పెద్ద నోరు, దేన్నైనా మింగే రకం, కానీ గట్టు మీద మన అడుగు చప్పుడైనా చాలు పారిపోద్ది. బార్బెల్‌కి నాలుగు మీసాలు, నేల పట్టుకుని తిరుగుతుంది, బలం సంగతి చెప్పక్కర్లేదు. ఇవన్నీ మన బొచ్చె, శీలావతి ఉన్న కార్ప్ కుటుంబంలోవే. సెవర్న్ నది ఇవాళ బార్బెల్‌కి పేరు కదా, అక్కడ అవి మొదట్నుంచీ లేవు, 1956లో కెన్నెట్ నది నుంచి తెచ్చి వదిలితే పెరిగినవి. పెర్చ్, పైక్ వేరే జాతి, చిన్న చేపల్ని వేటాడి తినే రకం, వాటి సంగతి ఇంకోసారి.

మొదలెట్టేవాళ్ళకి నా సలహా రోచ్, డేస్. అవి దొరుకుతాయి కాబట్టి అని మాత్రమే కాదు, బెండు చూడ్డం నేర్పేది అవే.

వాటికి 13 అడుగుల ఫ్లోట్ రాడ్, అంటే బెండుతో వేసే రాడ్ కావాలి, కొస మెత్తగా వంగేది. అంత పొడుగెందుకు అంటారు, నదిలో నీళ్ళు లైన్‌ని లాగేస్తుంటాయి, రాడ్ పొడుగుంటేనే లైన్‌ని నీటి మీద నుంచి ఎత్తి మళ్ళీ పైవైపుకి, అంటే నీళ్ళు వచ్చే దిక్కుకి వేయగలం. పొట్టి రాడ్‌తో ఈ పని అవదు, పిల్లల సెట్లతో వచ్చే 6 అడుగుల రాడ్లు నది గట్టున ఏడిపిస్తాయి. రీల్ 2500 సైజు మామూలు ఫిక్స్‌డ్ స్పూల్ చాలు. సెంటర్‌పిన్ అని చక్రంలా తిరిగే పాతకాలం రీల్ ఒకటుంది, దాంతో బెండు వదలడం అంత హాయి ఇంకోటి లేదు, కానీ మొదటి ఏడాది వద్దు. తంగూసు, అదే లైన్, మెయిన్‌ది 3 పౌండ్లది (ధర కాదు, తెగకుండా ఆపే బరువు), గాలం కట్టే చివరి ముక్క అంతకన్నా సన్నంగా 2 పౌండ్లది, అప్పుడు కింద ఏ కొమ్మకో పట్టుకుంటే ఆ ముక్క ఒక్కటే తెగుద్ది, బెండు వెనక్కి వస్తుంది. గాలాల నంబర్లు తిరగేసి ఉంటాయి, నంబర్ పెరిగేకొద్దీ గాలం చిన్నది, ఒక పురుగు గుచ్చడానికి 18 లేదా 20, రెండు పురుగులకి 16, బ్రెడ్ ముద్దకి 10 లేదా 12. కొసన వెనక్కి తిరిగిన చిన్న ముల్లు లేని గాలాలే కొనండి, చాలా క్లబ్బుల్లో అదే రూల్, చేప నోరు చీలదు, మన వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది.

లైన్‌కి బరువు కోసం పెట్టే సీసం గుళ్ళు (షాట్లు) ఊరి నుంచి తెచ్చుకుందామనుకోకండి. హంసలు గులకరాళ్ళతో పాటు వాటిని మింగి చచ్చిపోతున్నాయని 1987లోనే ఆపేశారు, 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా సీసం వాడకూడదు. షాపులో సీసం లేని షాట్ డబ్బా దొరుకుద్ది, అదే తీసుకోండి.

డబ్బులు కాస్త ఎక్కువ పెట్టాల్సిన చోటు ఒకటుంటే అది ల్యాండింగ్ నెట్. కర్ర పొడుగ్గా ఉండాలి, వల మెత్తటిది ఉండాలి. గట్టు ఎత్తుగా ఉండి వల నీళ్ళకి అందకపోతే ఆ 2 పౌండ్ల లైన్ మీద చేపని పైకి ఎత్తాల్సి వస్తుంది, అది తెగడం ఖాయం, నోట్లో గాలంతో చేప పోతుంది. ఇంకా గాలం ఊడదీసే డిస్‌గార్జర్, లోతు కొలిచే చిన్న బరువు ప్లమ్మెట్ ఒకటి, కూర్చోడానికి ఏదో ఒకటి, అంతే. కుర్చీలూ గొడుగులూ ట్రాలీలూ ఇప్పుడే వద్దు, నది వేటలో బరువు ఎంత తక్కువుంటే అంత ఎక్కువ నడుస్తాం, నడిచేవాడికే చేపలు.

ఎర విషయానికొస్తే మ్యాగట్స్, అంటే ఈగ పురుగులు, షాపులో పైంటు లెక్కన అమ్ముతారు, ఒక పూటకి ఒక పైంటు సరిపోద్ది. ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఉంటాయి, వెచ్చగా ఉంటే గూడు కట్టేసి క్యాస్టర్లు అయిపోతాయి, అవి కూడా పారేయక్కర్లేదు, పెద్ద రోచ్‌కి క్యాస్టరే ఇష్టం. హెంప్ గింజలు రాత్రంతా నానబెట్టి, పగిలి తెల్ల మొలక కనపడేదాకా ఉడకబెడితే మేతకి దాన్ని మించింది లేదు. మన వానపాములు ఇక్కడా పనిచేస్తాయి, వరద తగ్గి నీళ్ళు ఇంకా టీ రంగులో ఉన్నప్పుడు మరీనూ.

చోటు ఎంచుకోవడం సామాను కన్నా ముఖ్యం. వెళ్ళగానే గాలం వేయకండి, పది నిమిషాలు నీళ్ళు చూడండి. వేగంగా పోయే నీళ్ళకీ నెమ్మదిగా పోయే నీళ్ళకీ మధ్య ఒక గీత లాగా కనపడుద్ది, చొక్కా ఇస్త్రీ మడత ఉంటుంది చూశారూ అలాగ. చేపలు నెమ్మది నీళ్ళలో ఒళ్ళు అలవకుండా నిలబడి పక్కన వేగపు నీళ్ళలో కొట్టుకొచ్చే తిండిని అందుకుంటాయి. ఆ గీత మీదే బెండు నడవాలి. వంపు లోపలి వైపు, నీళ్ళలోకి వంగిన చెట్టు కింద, కలుపు గుబుర్ల మధ్య దారులు, ఇవన్నీ మంచి చోట్లే.

తర్వాత లోతు కొలవాలి, చాలామంది వదిలేసేది ఇదే. ప్లమ్మెట్‌ని గాలానికి తగిలించి వేస్తే, బెండు మునిగిపోతే లోతు తక్కువ పెట్టినట్టు, బెండు బాగా పైకి తేలి ఉంటే ఎక్కువ పెట్టినట్టు, కొస మాత్రం కనపడేలా జరుపుకుంటూ పోవాలి. నాలుగు చోట్ల కొలిస్తే కింద నేల ఎలా ఉందో మనసులో ఒక బొమ్మ వస్తుంది.

పారే నీటికి స్టిక్ ఫ్లోట్ అనే బెండు వాడండి, పైనా కిందా రెండు రబ్బరు ముక్కలతో లైన్‌కి పట్టి ఉంటుంది. షాట్లు బెండు నుంచి గాలం దాకా సమాన దూరంలో చొక్కా గుండీల్లాగా కుట్టినట్టు పెట్టుకుంటే ఎర నెమ్మదిగా సహజంగా కిందకి దిగుతుంది. గాలి మన వెనక నుంచో, ప్రవాహానికి ఎదురుగానో కొంచెం వీస్తే స్టిక్‌కి పండగ. అదే గాలి ప్రవాహంతో పాటు కిందకి తోస్తుంటే మాత్రం మొండికెయ్యకండి, కింది కొస ఒక్కటే లైన్‌కి తగిలే వ్యాగ్లర్‌కి మారిపోండి.

ఇప్పుడు అసలు పని, దీన్ని ట్రాటింగ్ అంటారు. రెండు రాడ్ల దూరంలో బెండు వేయండి, రీల్ మీది తీగ, అదే బెయిల్, తెరిచి ఉంచి వేలు లైన్ చుట్టి ఉండే స్పూల్ అంచు మీద పెట్టండి, బెండు నీటితో పాటు నడిచి వెళ్తుంటే వేలి కింద నుంచి లైన్ జారుతూ ఉండాలి. బెండు వెనక లైన్ విల్లులా వంగితే రాడ్ ఎత్తి ఆ వంపుని పైవైపుకి వేయాలి, బెండు కదలకూడదు. ఇది నాకు నేర్పింది ట్రెంట్ నది గట్టున పక్కన కూర్చున్న ఒక పెద్దాయన. గంటసేపు నన్ను చూసి లేచొచ్చి, "నీ బెండు నీళ్ళ కన్నా తొందరపడుతోంది బాబూ, కింద నీళ్ళు పై నీళ్ళంత వేగంగా పోవు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు నది అర్థమైంది. నేల దగ్గర రాళ్ళూ కలుపూ అడ్డం కాబట్టి అక్కడ నీళ్ళు నెమ్మది, పైన బెండు అదే వేగంతో పరిగెడితే ఎర కూడా లోకంలో ఏ పురుగూ పోనంత వేగంగా పోతుంది, చేపకి అనుమానమే. అందుకని మధ్యమధ్యలో వేలితో లైన్‌ని కొంచెం నొక్కి బెండుని ఆపి ఆపి వదలాలి. ఆపినప్పుడు ఎర ముందుకెళ్ళి కాస్త పైకి లేస్తుంది, సగం చేపలు సరిగ్గా అప్పుడే అందుకుంటాయి. ఎర్రటి బెండు కొస నీటి మీద వణుకుతూ వెళ్ళి వెళ్ళి ఉన్నట్టుండి మాయమవుద్ది, మునిగినట్టు కాదు, దీపం ఆరినట్టు. మణికట్టుతో చిన్నగా ఎత్తితే చాలు, గుంజక్కర్లేదు.

గాలం వేసిన ప్రతిసారీ ఓ పదిహేను పురుగులు బెండు కన్నా పైవైపుకి చల్లండి, మొదటి చేప పడకపోయినా సరే గంట దాకా ఆపకండి. ఒకేసారి గుప్పెళ్ళు గుప్పెళ్ళు పోస్తే కడుపు నిండి పోతాయి, కొంచెం కొంచెం ఆగకుండా పడుతుంటే పోటీ పడి పైకొస్తాయి.

బార్బెల్ కోసం మాత్రం ఈ సామానుతో పోకండి. దానికి వేరే రాడ్, 10 పౌండ్ల లైన్, నేల మీద కూర్చునే ఫీడర్ (మేత నింపే చిన్న బరువు బుట్ట), పెల్లెట్ (మేత గుళిక) లేదా లంచన్ మీట్ (డబ్బా మాంసం) ఎర. సన్న లైన్‌తో గంటసేపు పోరాడితే చేప పూర్తిగా సొమ్మసిల్లిపోద్ది. పట్టాక దాన్ని నీళ్ళలోనే తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి రెండు చేతుల్తో పట్టుకుని ఉండాలి, మొప్పలు బాగా ఆడి, తనంతట తాను తోక కొట్టి వెళ్ళేదాకా. ఐదు నిమిషాలైనా పది నిమిషాలైనా సరే.

పులుసు మాట కూడా చెప్పాలి, అందరూ అడుగుతారు. చట్టం ప్రకారం నది నుంచి రోజుకి 20 సెంటీమీటర్ల లోపు చిన్న చేపలు 15 దాకా తీసుకోవచ్చు, అదీ ఆ నీళ్ళ ఓనర్ ఒప్పుకుంటేనే, క్లబ్బులు దాదాపు ఏవీ ఒప్పుకోవు. పెద్ద చేపల్ని ఇంటికి తీసుకెళ్ళడం ఇక్కడ చాలా పెద్ద తప్పు కింద లెక్క. మొదట్లో నాకూ మనసొప్పలేదు, పట్టింది వదిలేయడమేంటి అనిపించింది. కానీ ఒకసారి పై రెక్క చీలిన చబ్‌ని జూలైలో వదిలి, అదే రెక్కతో దాన్నే నవంబర్‌లో అదే చెట్టు కింద మళ్ళీ పట్టుకున్నాక పులుసు ఆలోచన నాకు రాలేదు. చేపని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడి చేతులతో పడితే ఒంటి మీద జిగురు పొర ఊడిపోయి జబ్బు చేస్తుంది.

జాగ్రత్తలు రెండున్నాయి. కార్బన్ రాడ్‌లో కరెంట్ పారుతుంది, పైన తీగలున్న చోట రాడ్ జోడించొద్దు, ఎత్తి నడవొద్దు. గట్టున ఎలుకల మూత్రం వల్ల వీల్స్ డిసీజ్ వచ్చే ప్రమాదం ఉంది, చేతులు కడక్కుండా తినొద్దు, చేతి మీద గాటు ఉంటే కప్పుకోండి.

చలికాలంలో మానేయకండి. నవంబర్ నుంచి కలుపు చచ్చి నీళ్ళు తేరుకుంటాయి, డేస్, చబ్ చలికీ తింటాయి, చల్లే మ్యాగట్స్ సగానికి తగ్గించి గాలానికి బ్రెడ్ ముక్క పెట్టండి. పొద్దు వాలే ముందు ఆఖరి గంట అన్నిటికన్నా మంచిది, బెండు కనపడనంత చీకటి పడేదాకా ఉండండి. జేబులో టార్చ్ పెట్టుకోండి, తెగిన లైన్ ముక్కలు ఏరి ఇంటికి తెచ్చేయండి, పొలం గేటు తీసింది తీసినట్టు వదలకుండా గొళ్ళెం పెట్టి రండి, రైతు ఆవులు రాత్రంతా అక్కడే ఉంటాయి.