పాత హోండా సిటీ వీటెక్ కొన్నారా? రంగు సంగతి చివర చూద్దాం

2000 నుంచి 2003 దాకా అమ్మిన 1.5 వీటెక్ సిటీ 106 హార్స్‌పవర్ బండి. వీటెక్ అంటే ఇంజన్ వేగం పెరిగాక వాల్వులను ఇంకా ఎక్కువ తెరిపించే ఏర్పాటు. ఈ రోజుల్లో మంచిది దొరకడమే కష్టం. దొరగ్గానే చాలామంది నేరుగా పెయింటర్ దగ్గరికి తీసుకెళ్తారు. అలా చేయకండి. 20 ఏళ్లు దాటిన బండిని నడిరోడ్డు మీద ఆపేది రబ్బరు, వైరింగ్, నీళ్లు. డబ్బు ముందు వాటికి పెట్టండి.

ఆర్‌సీ గడువు ముందే చూసుకోండి. 15 ఏళ్లు నిండాక రెన్యూవల్ ఐదేళ్లకే ఇస్తారు. చెన్నై, బెంగళూరు బండైతే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ తప్పనిసరి, మన ఆంధ్రా లైఫ్ టాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి. తుప్పు విషయంలో బెంగళూరు బండే మేలు. చెన్నై బండికి ఉప్పుగాలి తగిలి ఉంటుంది. వెనక చక్రాల ఆర్చ్ లోపలి అంచును వేలితో తడిమి చూడండి. పొక్కులు తగిలితే లోపల రేకు తినేసినట్టే.

ఇక టైమింగ్ బెల్ట్, అంటే క్రాంక్ తిరిగే లెక్కకు వాల్వులను తెరిపించే పళ్ల రబ్బరు పట్టీ. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. తక్కువ తిరిగిన బండి కదా అని వదలొద్దు, వయసుతో కూడా రబ్బరు పగులుతుంది. బెల్ట్ తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగుతాయి, ఇంజన్ పైభాగం, అంటే హెడ్ దించక తప్పదు. వాటర్ పంపు కూడా ఈ బెల్ట్‌తోనే తిరుగుతుంది. అందుకే బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, పంపు, క్యామ్ సీల్, క్రాంక్ ముందు సీల్ ఒకే దెబ్బకు మార్చేయండి.

మెకానిక్‌కు ఈ ఇంజన్ కొత్తయితే ఒక మాట ముందే చెప్పాలి. ఇది మిగతా చాలా ఇంజన్లకు ఎదురు దిక్కులో, అంటే పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. మార్కులు కలిపి బెల్ట్ ఎక్కించాక, అదే దిక్కులో క్రాంక్‌ను స్పానర్‌తో ఐదారు చుట్లు తిప్పాలి. మళ్లీ మార్కు మీదికి తెచ్చి, టెన్షనర్ బోల్ట్ వదులు చేసి, క్యామ్ పుల్లీ మూడు పళ్లు జరిగేదాకా తిప్పి అక్కడ బిగించాలి. చాలాచోట్ల ఈ మూడు పళ్ల పనే ఎగ్గొడతారు, దాంతో బెల్ట్ వదులుగా ఉండిపోతుంది. క్రాంక్ పుల్లీ బోల్ట్‌కు 181 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి, కాబట్టి టార్క్ రెంచ్ లేని షెడ్డులో ఈ పని పెట్టొద్దు.

హెడ్ మీది కవర్ ఊడదీశారు కాబట్టి వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు కూడా సరిచేయండి. ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27. హెడ్ 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే కొలవాలి. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం నీడలోనే అంతకు మించి ఉంటుంది. బండిని రాత్రంతా షెడ్డులో ఉంచి తెల్లవారుజామున పని మొదలుపెట్టండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మన జిల్లాల్లో పాత అలవాటు. ఇంట్లో గీజర్‌కు పట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. ఈ బండి రేడియేటర్ అల్యూమినియం, రెండు చివర్ల ట్యాంకులు ప్లాస్టిక్. పాత రాగి రేడియేటర్లలా ఊడదీసి కమ్మీ పెట్టి తోడించడం కుదరదు, పూడుకుపోతే కొత్తది వేయాల్సిందే. హోస్‌లు, థర్మోస్టాట్, క్యాప్ కూడా మార్చండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, క్యాప్ తీసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజన్ నడిపితే గాలి బయటికి పోతుంది.

ఎండలో ఆపిన బండి స్టార్ట్ కాక, చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్టయితే ఫ్యూయల్ పంపు కొనేయకండి. ముందు డ్యాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలేను, అంటే పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్చు డబ్బాను అనుమానించాలి. తాళం ఆన్ చేస్తే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు పంపు మూలుగు వినపడాలి. వేడి మీద అది వినపడకపోతే రిలే విప్పి, బోర్డు వెనక టంకాలను భూతద్దంతో చూడండి. పిన్ను చుట్టూ వెంట్రుకంత నల్లటి వలయం కనిపిస్తే టంకం పగిలినట్టు. పాత సీసం లాగేసి కొత్త టంకం వేస్తే సరిపోతుంది, టీవీలు బాగుచేసేవాళ్లు చేసిపెడతారు.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ రబ్బరు ఓ-రింగ్ గట్టిపడి ఆయిల్ గేర్‌బాక్స్ మీదికి కారడం మామూలే. దాంతోపాటు వీటెక్‌కు ఆయిల్ వదిలే సొలెనాయిడ్ గాస్కెట్ కూడా మార్చండి. అందులో చిన్న జల్లెడ ఉంటుంది, మడ్డి పట్టి మూసుకుపోతే పై ఆర్పీఎంలో వీటెక్ పలకదు. ఇలాంటి చిన్న సామాన్లు ఇక్కడ దొరకకపోతే చెన్నై జీపీ రోడ్డులోనో బెంగళూరు జేసీ రోడ్డులోనో అడగండి.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా రబ్బరు ఉన్న ప్రతిచోటా ఇథనాల్‌కు ఆగే ఆర్9 రకం ఇంజెక్షన్ హోస్ వేయించండి, ఫిల్టర్ మార్చండి. ట్యాంకులో పాత మడ్డి కరిగి ఫిల్టర్‌కు పడుతుంది కాబట్టి కొన్ని ట్యాంకులు తిరిగాక ఇంకోసారి మార్చడం మంచిది.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది అందుకే. పూర్తిగా మార్చండి. టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి. 1418 అంటే 2018లో 14వ వారం, అంత పాతవైతే గీతలు బాగున్నా తీసేయండి.

ఇవన్నీ అయ్యాక తిరుపతి వాళ్లు భాకరాపేట ఘాట్‌కు, చిత్తూరు వాళ్లు మొగిలి ఘాట్‌కు తీసుకెళ్లి చూడండి. ఎక్కేటప్పుడు ఏసీ వేసి టెంపరేచర్ ముల్లు మీద కన్నేయండి, సగం దాటితే కూలింగ్ పని మిగిలే ఉంది. దిగేటప్పుడు మూడో గేరులోనే రండి. కిందికొచ్చాక ఆగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి అడ్డంగా పెట్టి చూడండి, తాకొద్దు. ముందు రెండిట్లో ఒకటే ఎక్కువ సెగ కొడుతుంటే అటువైపు క్యాలిపర్ పిన్ను పట్టేసింది. అది విప్పి గ్రీజు పెట్టించాక, అప్పుడు పెయింటర్‌కు ఫోన్ చేయండి.