దేవుడితో మన యాసలోనే మాట్లాడండి

ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో ఎనిమిదోది సఖ్యం. అంటే దేవుణ్ణి నేస్తంగా చూసుకోవడం. దానికి మంత్రం అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు. అయినా చాలామంది మొదటి మాటలోనే దారి తప్పుతారు. ఇంట్లో "ఏటి సేత్తాం" అనేవాళ్లు దేవుడి ముందు నిలబడగానే "ఏమి చేయుదును ప్రభూ" అంటారు. అరువు మాటల చాటున మనసు దాక్కుంటుంది. శ్రీకాకుళం మనిషి సిక్కోలు యాసలోనే మాట్లాడాలి.

పొద్దున్నే ఐదు నిమిషాలు చాలు. అరసవల్లి సూర్యనారాయణుడు మీ దేవుడైతే వాకిట్లో ఎండ పడేచోట నిలబడండి. గుడిలో స్వామి పాదాల మీద ఎండ పడేది మార్చిలో, అక్టోబరులో కొద్దిరోజులే. మీ వాకిట్లో అయితే రోజూ పడుతుంది. పైడితల్లితో మాట్లాడేవాళ్లకు పొయ్యి దగ్గరైనా పర్వాలేదు, విజయనగరానికి ఆవిడ ఇంటి ఆడపడుచే కదా. చోటు మాత్రం మార్చకండి. కొన్నాళ్లకు అక్కడ నిలబడితే చాలు, మాట దానంతటదే వస్తుంది. చర్చికెళ్లేవాళ్లకు పిలుపు వేరు, పద్ధతి ఇదే.

"సామీ" అనో "అమ్మా" అనో పిలిచి, ఒక్క సంగతి చెప్పండి. "నన్ను కాపాడు" అని ఊరుకుంటే మీ బాధేమిటో మీకే తెలియదు. ఎవరు, ఎప్పుడు, మీకేమనిపించింది, ఈ మూడూ ఉండాలి:

"సామీ, రేతిరి మావోడు ఫోనెత్తనేదు. సెన్నైకి పనికెళ్లి మూడు నెల్లయింది. నాకు కోపమొచ్చీసింది. కోపం కాదు సామీ, బయమేసింది."

చివరి మాట చూడండి. కోపంతో మొదలైంది, వివరంగా చెప్పేసరికి అడుగునున్న భయం పైకొచ్చింది.

కోరిక అడగొచ్చు, అడక్కపోయినా తప్పులేదు. అడగమని భార్య పంపితే కుచేలుడు ద్వారకకు వెళ్లి, నేస్తాన్ని చూసిన ఆనందంలో అడగకుండానే తిరిగొచ్చాడు. దాచుకున్న అటుకుల్ని కృష్ణుడే లాక్కుని తిన్నాడు. మీ దగ్గరున్నది చిన్న సంగతని సిగ్గుపడి దాచకండి.

చెప్పాక రెండు నిమిషాలు ఊరుకోండి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. లోపల వినిపించిన ప్రతి మాటా దేవుడిది కాదు. చాలాసార్లు అది మన ఆశే, లేదా మన భయమే. ఎదుటివాడికి నష్టం చేసేదైనా, ఇంట్లోవాళ్లకు చెప్పకుండా చెయ్యమనేదైనా ఆ మాటను పక్కన పెట్టండి. మందులు ఆపడం, భూమి అమ్మడం లాంటివి అలా తేల్చుకోవద్దు. డాక్టరునో, సంగతి తెలిసిన పెద్దలనో అడగండి. ఏమీ వినిపించకపోతే కంగారు పడక్కర్లేదు. నేస్తం పక్కన ఊరికే కూర్చోవడమూ స్నేహమే.

కోపమొస్తే దెబ్బలాడండి. చెరలో ఉన్న రామదాసు రాముణ్ణి నిలదీసి, ఆనక తన మాటలకు తానే నొచ్చుకుని మన్నించమన్నాడు. మాట్లాడటం మానెయ్యాలనిపించిన రోజున ఆ మాటే వచ్చి చెప్పండి: "సామీ, ఇయాల నీతో మాట్లాడబుద్ధెయ్యనేదు." ఆ రోజుకి అంతే చాలు.

పగలు బస్సు కోసం కాంప్లెక్సులో నిలబడ్డప్పుడు, ఊడ్పుల్లో నడుం పట్టేసినప్పుడు మనసులో ఒక్క ముక్క అనుకోండి.

ఎక్కువమంది మర్చిపోయేది సాయంత్రం మాట. పొద్దున్న చెప్పిన సంగతి ఏమైందో తిరిగొచ్చి చెప్పాలి. కష్టం చెప్పుకుని, అది తీరాక కబురు చెయ్యకపోతే ఏ నేస్తానికైనా మనసు చివుక్కుమంటుంది. దీపం పెట్టేవేళ ఒక్క నిమిషం:

"సామీ, మావోడు ఫోన్ సేసినాడు. జొరమొచ్చి పడుకున్నాడంట. ఇప్పుడు తగ్గిందంట."