పిట్స్‌బర్గ్‌లో మ్యూజియంలు చూడబోయే మన ఊరి పెద్దలకు

బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి పిల్లల దగ్గరికి పిట్స్‌బర్గ్ వెళ్లిన పెద్దలు మొదటి ఆదివారమే పెన్‌హిల్స్ కొండ మీది వేంకటేశ్వరస్వామిని దర్శించుకుంటారు. ఆ తరువాత కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, మనవలు బడికి వెళ్లిపోతే, పగలంతా ఇంట్లో తోచక గడిపేవారే ఎక్కువ. అలా కాలక్షేపం చేయడం కంటే ఆ నగరంలోని మ్యూజియంలను తీరికగా చూడడం మేలు. అయితే ప్రయాణపు నిద్రమత్తు వదిలేదాకా, అంటే మొదటి వారం రోజులు, ఈ పని పెట్టుకోవద్దు. రోజుకు ఒక్క చోటికే వెళ్లండి. నేను మొదటిసారి ఒకే రోజున మూడు చోట్లు చుట్టబోయి, మూడవ దానిలో బొమ్మలకు బదులు బల్లలను వెతుక్కున్నాను.

ముందుగా ఓక్‌లండ్ పేటకు వెళ్లాలి. ఉక్కు వ్యాపారంలో అపారంగా గడించిన ఆండ్రూ కార్నెగీ 1895లో నెలకొల్పిన ప్రకృతి చరిత్ర మ్యూజియం, కళా మ్యూజియం అక్కడ ఒకే భవనంలో ఉన్నాయి. రెండింటికీ ఒకటే టికెట్. మీరు నెలల తరబడి ఉండేటట్లయితే, విడివిడిగా టికెట్లు కొనే ముందు సభ్యత్వానికి ఎంతవుతుందో పిల్లల చేత లెక్క కట్టించండి. వారపు సెలవు ఏ రోజో కూడా వారినే చూసి చెప్పమనండి.

కాళ్లలో సత్తువ ఉండగానే డైనోసార్ల వైపు నడవండి. 1899లో వయోమింగ్‌లో తవ్వి తీసిన డిప్లొడోకస్ అస్థిపంజరం అక్కడ ఉంది; దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో కార్నెగీ పేరు కూడా కలిసింది. దాని ప్లాస్టర్ నకలును ఆయన 1905లో లండన్‌కు బహూకరించగా, తరువాత మరికొన్ని దేశాల రాజధానులకూ అటువంటి నకళ్లు వెళ్లాయి. తోక చివర నిలబడి తల వైపు చూస్తే తప్ప ఆ పొడవు బోధపడదు. టైరనోసారస్ రెక్స్ అనే జాతికి 1905లో ఏ ఎముకలను ఆధారం చేసుకొని పేరు పెట్టారో, ఆ అసలు ఎముకలు కూడా ఇక్కడే ఉన్నాయి. మనవలకు ఈ ముక్క ముందుగా చెప్పకండి, అక్కడికి తీసుకువెళ్లి చెప్పండి.

కళా మ్యూజియం వైపు అన్నీ చూడనవసరం లేదని నా అభిప్రాయం. ఐరోపా కట్టడాల ప్లాస్టర్ నకళ్లను నిలిపిన పెద్ద హాలులో మాత్రం ఒక అరగంట కూర్చోండి. ఫ్రాన్స్‌లోని ఒక పాత చర్చి ముఖద్వారం మొత్తాన్ని అసలు కొలతలతో అక్కడ పోతపోసి నిలిపారు.

బయటికి వచ్చి రోడ్డు దాటితే పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన 42 అంతస్తుల భవనం కనిపిస్తుంది. దాని పేరు కథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్. అందులో ఒక్కొక్క దేశపు తీరులో ఒక్కొక్క తరగతి గదిని తీర్చారు; మన దేశపు గదిని నలందా విశ్వవిద్యాలయపు ప్రాంగణాన్ని తలపించేలా గులాబీ రంగు ఇటుకలతో కట్టారు. వాటిలో నేటికీ పాఠాలు చెబుతారు కనుక, తరగతి నడుస్తుంటే బయటే ఆగాలి.

మనవలతో వెళ్లేవారికి హైన్జ్ హిస్టరీ సెంటర్ బాగుంటుంది. కెచప్ సీసాల మీద కనబడే ఆ పేరు ఈ ఊరిదే. మాట్రెస్ ఫ్యాక్టరీ అనే కళా మ్యూజియంలో చీకటి గదులుంటాయి, చూపు సరిగా ఆననివారు తోడు లేకుండా వెళ్లవద్దు.

నన్ను అడిగితే, చిత్రకారుడు ఆండీ వార్హోల్ పేరిట ఉన్న మ్యూజియం తప్పక చూడవలసినది. ఏడంతస్తుల ఈ మ్యూజియాన్ని 1994లో తెరిచారు. లిఫ్టులో పై అంతస్తుకు వెళ్లి, ఆయన తొలినాటి బొమ్మలతో మొదలుపెట్టి ఒక్కొక్క అంతస్తే దిగుతూ రావడం మోకాళ్లకూ మంచిది, కథకూ మంచిది. కొన్ని బొమ్మలు మనవల పక్కన నిలబడి చూసేవి కావు, వాటిని దాటిపోవచ్చు. వార్హోల్ 1928లో ఈ నగరంలోనే పుట్టాడు. తల్లిదండ్రులు నేటి స్లొవాకియాలోని ఒక పల్లె నుంచి వలస వచ్చిన రుసిన్లు. అంటే తమ భాష పేరిట ఒక దేశమంటూ లేక, పలు దేశాల సరిహద్దుల్లో పరుచుకొని ఉన్న జనం. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి. 1936లో గంజాం ఒడిశాలో కలిసిన నాటి నుంచి ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా మాట్లాడుతున్న మనకు ఇది వివరించి చెప్పవలసిన సంగతి కాదు. కొడుకు వేసిన బొమ్మల మీద చాలాచోట్ల అక్షరాలు రాసింది ఆ తల్లి జూలియాయే. ఆమె చేతిరాత కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూడండి.

అక్కడే వెండిరంగు దిండ్లు గాలిలో తేలుతుండే గది ఒకటి ఉంది. బొమ్మలు చూసి విసిగిన మా ఆవిడ ఆ గదిలో ఒక దిండు తన బరంపురం పట్టుచీర కొంగు మీద వాలి, మళ్లీ మెల్లగా పైకి లేచేదాకా కదలకుండా నిలబడింది.

తిరుగు ప్రయాణంలో నది దాటి డౌన్‌టౌన్‌కు చేర్చే లైట్ రైలుకు ఆ కొద్ది స్టేషన్ల మధ్య టికెట్ అక్కరలేదు. లోపల ఏసీ చలి ఎక్కువ కనుక, ఎండాకాలమైనా స్వెట్టర్ మరువవద్దు.