బీచ్‌లో మొరాయించే గాలం రాడ్: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏంటి

ధర్మసాగర్‌లోనో పాకాలలోనో ఏళ్ల తరబడి గాలం వేసినవాళ్లకు చేతిలో ఉన్న 7 అడుగుల రాడ్ మీద బాగా నమ్మకం కుదురుతుంది. బొచ్చెలు, రవ్వలు, బంగారుతీగలు దానితోనే పడుతుంటే ఇంకో రాడ్ ఎందుకనిపిస్తుంది. నాకూ అట్లనే అనిపించి, ఆ రాడ్‌తోనే వరంగల్‌లో రాత్రి రైలెక్కి, బాపట్లలో దిగి, అక్కడికి 9 కిలోమీటర్లున్న సూర్యలంక ఒడ్డుకు పోయిన. విసిరిన సీసం అల విరిగేచోటే పడింది. రెండు నిమిషాల్లో తంగూసు (గాలం దారం) అంతా పక్కకు కొట్టుకొచ్చి నా కాళ్ల దగ్గరికే చేరింది. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన చూసి, "బాబూ, ఇది కాలవలో వేసే గాలం, సముద్రానికి ఆగదు" అన్నాడు.

ఇప్పుడు దోస్తులెవరైనా "సముద్రానికి ఏ రాడ్ కొనాలన్నా?" అని ఫోన్ చేస్తే, ముందు "ఏం ఇబ్బంది వచ్చింది?" అని అడుగుతా. కొన్నిసార్లు నిజంగానే రాడ్ మార్చాలి. చాలాసార్లు మాత్రం తప్పు సీసంలోనో, దారంలోనో, రాడ్ ముక్కలు కలిసే జాయింట్‌లోనో ఉంటుంది. అది తెలుసుకోకుండా కొత్త రాడ్ కొంటే డబ్బు పోతుంది, ఇబ్బంది మాత్రం అట్లనే ఉంటుంది.

సీసం దూరం పోవడం లేదు

ముందు రాడ్ మీద రాసి ఉన్న అంకెలు చూడండి. పట్టుకు కొంచెం పైన చిన్న అక్షరాల్లో కాస్టింగ్ వెయిట్ గ్రాముల్లో ఉంటుంది. చెరువు రాడ్ల మీద 10–30 అనో 20–60 అనో కనిపిస్తుంది. బీచ్ రాడ్ల మీద 100–200 లాంటి అంకెలుంటాయి. రాడ్ స్ప్రింగు లాంటిది: సీసం బరువుకు వంగుతుంది, మళ్లీ నిటారయ్యేటప్పుడు ఆ బలంతో సీసాన్ని విసురుతుంది. 20–60 రాడ్‌కు 120 గ్రాములు కడితే అది వంగి అక్కడే చతికిలబడుతుంది, విరిగినా విరుగుతుంది. దీనికి ఉల్టా తప్పు కూడా చూస్తుంటా. బలంగా ఉందని 100–250 రాడ్ కొని 60 గ్రాముల సీసం కడతారు. రాడ్ వంగనే వంగదు, వెదురు కర్రతో రాయి విసిరినట్టే ఉంటుంది.

లెక్కలో ఎర బరువు కూడా కలపాలి. 120 గ్రాముల సీసానికి 30 గ్రాముల చేప ముక్క కడితే రాడ్ మోసేది 150. ఆ మొత్తం రాడ్ మీది రెండు అంకెలకు నడుమ ఉంటేనే పూర్తి బలంతో విసరొచ్చు. పై అంకె దాకా బరువు కట్టాల్సి వస్తే మెల్లగా విసరండి.

ఇక పొడుగు సంగతి. అలల పైనుంచి దారం ఎత్తి పట్టడానికి, రెండు చేతులతో విసరడానికి పొడుగు రాడ్ కావాల్సిందే. అట్లని 14 అడుగులది తీసుకుంటే అందరి చేతుల్లో అది తిరగదు. ఐదున్నర అడుగుల మనిషికి మొదటి రాడ్‌గా 12 అడుగులది చాలు, 13 దాటొద్దని నా అభిప్రాయం. షాపులో రాడ్ కింది కొసను ఛాతీకి ఆనించి చెయ్యి చాపి చూడండి. రీల్ బిగించే చోటు చేతికి అందకపోతే ఆ రాడ్ మీకు పొడుగైనట్టే.

అంకెలు, పొడుగు అన్నీ సరిగ్గా ఉండి కూడా దూరం పోకపోతే రీల్ చూడండి. దారం స్పూల్ (రీల్‌లో దారం చుట్టే గిన్నె) అంచుకు 2–3 మిల్లీమీటర్ల కిందిదాకా నిండాలి. సగం ఖాళీ స్పూల్ నుంచి దారం అంచుకు రాసుకుంటూ వస్తుంది, ఎంత మంచి రాడ్ అయినా అక్కడే ఆగిపోతుంది.

వేసినచోట సీసం ఆగడం లేదు

ఇది రాడ్ తప్పు కాదు. చెరువులో వాడే గుండ్రటి సీసం ఇసుక మీద దొర్లుతుంది. అడుగున గుచ్చుకునే పిరమిడ్ ఆకారం సీసం వాడండి. పక్క ప్రవాహం గట్టిగా ఉంటే తీగ కాళ్లున్న సీసం కట్టండి. దారం లావుగా ఉన్నా నీళ్లు దాన్ని ఎక్కువగా లాగుతాయి. నైలాన్ అయితే 0.35 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. నేను రాడ్ కొనేముందు సీసం బరువే తేల్చుకొమ్మంటా. అక్కడి నీళ్లలో ఆగడానికి 120 గ్రాములు కావాలని తెలిస్తే, ఏ రాడ్ కొనాలో సగం తేలినట్టే.

విసురుతుంటే దారం టప్పున తెగుతోంది

ఇది చేప పోయిందని బాధపడే విషయం కాదు. తెగిన సీసం ఒడ్డున ఆడుకునే పిల్లల తలకు తగిలితే ప్రాణం పోతుంది. అందుకే ముందు దీన్ని సరిచేసుకొని తర్వాతే గాలం విసరండి.

ఎక్కువగా కనిపించే కారణం షాక్ లీడర్ కట్టకపోవడం. విసిరేటప్పుడు పడే ఒత్తిడిని 0.35 దారం తట్టుకోలేదు. దాని ముందు లావు నైలాన్ ముక్క కట్టాలి. ప్రతి 28 గ్రాముల సీసానికి 10 పౌండ్ల బలం చొప్పున లెక్క వేసుకోండి. 112 గ్రాములకు 40 పౌండ్లు, 140 గ్రాములకు 50 పౌండ్లు. ఆ ముక్క రాడ్‌కు రెండింతల పొడుగుండాలి. విసరడానికి సిద్ధమైనప్పుడు స్పూల్ మీద దాని చుట్లు నాలుగైదు ఉండాలి. ముడి గైడ్ల (రాడ్ మీద దారం పోయే రింగుల) గుండా సాఫీగా పోతుందో లేదో వేలితో తడిమి చూడండి.

లీడర్ ఉన్నా తెగుతుంటే గైడ్లు చూడాలి. రింగు లోపల పింగాణీ లాంటి నున్నటి పొర ఉంటుంది. అది పగిలితే కంటికి కనిపించదు కానీ దారాన్ని కత్తిలా కోస్తుంది. చిన్న దూది ముక్క తీసుకొని ఒక్కో రింగులో గుండ్రంగా తిప్పండి. నాకు నాలుగో రింగులో రెండు పోగులు చిక్కుకున్నాయి, వెలుతురుకు పట్టి చూస్తే వెంట్రుకంత గీత కనిపించింది. ఆ ఒక్క రింగు మార్పించుకుంటే సరిపోయింది. ఇప్పుడు షాపుకు పోతే జేబులో దూది పెట్టుకొనే పోతా, కొత్త రాడ్ అయినా సరే.

విసిరేటప్పుడు డ్రాగ్ (స్పూల్ జారకుండా పట్టే బిగింపు) కూడా లూజుగా ఉండొద్దు. స్పూల్ జారితే దారం వేలిని కోస్తుంది. అల్లిక దారం వాడేవాళ్లు వేలికి తొడుగు వేసుకోండి.

జాయింట్ ఊగుతోంది, లేదా ఊడి రావడం లేదు

ఒకసారి మా బావమరిది బలమంతా పెట్టి విసిరితే రాడ్ పై ముక్క ఊడి, సీసం వెంట గాల్లోకి లేచి, తంగూసు మీద జారుకుంటూ నీళ్లలో పడింది. దారంతో పాటే లాగి తీశాం. చూస్తే జాయింట్ నోటి అంచున గోటితో గీసినంత సన్నని చీలిక ఉంది. లూజు జాయింట్‌తోనే పొద్దంతా విసరడం వల్ల వచ్చిన చీలిక అది. చిన్నదైతే దారం గట్టిగా చుట్టి ఎపాక్సీ పూయించొచ్చు. పొడుగ్గా పాకితే ఆ ముక్కను నమ్మొద్దు.

చీలిక లేకుండా లూజుగా ఉంటే మగ ముక్కకు (రెండోదాని లోపలికి దూరేదానికి) కొవ్వొత్తి మైనం పలుచగా రాయండి. గైడ్లన్నీ ఒకే వరుసలోకి తెచ్చి బిగించండి, నాలుగైదు విసుర్లకోసారి తిప్పి చూడండి. బిగుసుకుపోతే పట్టకారు అస్సలు పెట్టొద్దు, కార్బన్ నలిగిపోతుంది. మగ ముక్క వైపు చల్లటి బట్ట చుట్టి, ఇద్దరు చెరోవైపు పట్టుకొని నేరుగా లాగండి. గైడ్లను పట్టుకొని తిప్పితే అవే ఊడుతాయి.

జెట్టీ మీద రాడ్ కొస విరిగింది

చెరువు కట్ట మీద చేపను రాడ్‌తోనే లేపే అలవాటు మనకుంది. జెట్టీ మీద నుంచి నీళ్లు చాలా కింద ఉంటాయి. నీళ్లలో ఉన్నంతసేపు చేప బరువు తెలియదు, గాల్లోకి వచ్చిందంటే మొత్తం రాడ్ మీదే. పైగా రాడ్‌ను నిటారుగా ఎత్తితే భారమంతా సన్నని కొస మీద పడుతుంది. పండుగప్ప లాంటి పెద్ద చేప పడితే తాడు కట్టిన రింగు వల కిందికి దించి అందులోకి మళ్లించండి.

జెట్టీకి 12 అడుగుల రాడ్ అవసరం లేదు. కిందికి లోతు ఉంటుంది కాబట్టి దూరం విసరక్కర్లేదు, వెనక జనం కూడా ఉంటారు. 8–10 అడుగులది, అడుగు భాగం గట్టిగా ఉన్నది తీసుకోండి. రెండు చోట్లకూ ఒకటే రాడ్ కావాలంటే బీచ్ రాడే కొనండి. పొట్టి రాడ్‌తో బీచ్‌లో ఏం చెయ్యలేం, పొడుగు రాడ్‌తో జెట్టీ మీద ఎట్లనో నెట్టుకురావచ్చు.

ఎర పోతోంది, కొస కదలడం లేదు

దారం వదులుగా ఉంటే ముందు బిగించండి. అయినా తెలియకపోతే కొస మరీ మొద్దుగా ఉన్నట్టు. అడుగు గట్టిగా, కొస మెత్తగా ఉన్న రాడ్ చూసుకోండి.

గైడ్ల కాళ్ల దగ్గర తెల్లటి పొక్కులు

ఉప్పు. ఇంటికొచ్చి కడుగుదామంటే రాత్రంతా రైల్లో ఎండి గట్టిపడుతుంది. లాడ్జిలోనే బకెట్ మంచినీళ్లతో రాడ్ కడిగి, జాయింట్ లోపల తుడిచి, విడదీసి ఆరబెట్టండి. రీల్ డ్రాగ్ బిగించి పై నుంచి నీళ్లు చల్లితే చాలు, ముంచొద్దు. టెలిస్కోప్ రాడ్ (ఒకదానిలోకి ఒకటి జారే ముక్కలది) అయితే ముక్కల మధ్య ఇసుక చేరి గీరుతుంది, అడుగు మూత విప్పి కడగాలి.

టెలిస్కోప్ రాడ్ రైలుకు అనువుగా ఉంటుంది కానీ ఇసుక వల్ల నేను దాన్ని సిఫారసు చేయను. రెండు ముక్కల 13 అడుగుల రాడ్ విప్పితే ఒక్కో ముక్క ఆరున్నర అడుగులు, బెర్త్ మీద పెట్టడం కష్టం. అదే పొడుగు మూడు ముక్కల రాడ్ అయితే ఒక్కోటి మీటరున్నర లోపే, సీటు కింద పడుకోబెట్టొచ్చు. ఇంకొక్క మాట: స్టేషన్‌లో గానీ చెరువు కట్ట మీద గానీ పైన కరెంటు తీగలుంటే రాడ్ బిగించొద్దు. కార్బన్‌లో కరెంటు పారుతుంది.