సరస్సు ఒడ్డున ఇసుక తిన్నెల మధ్య గుడారం: ఇబ్బందులు, కారణాలు, సరిచేసుకునే తీరు

సరస్సు ఒడ్డున, ఇసుక తిన్నెల దాపున గుడారం వేసుకున్నవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. మట్టినేల మీద అలవాటైన పద్ధతులనే ఇసుక మీదా పాటిస్తారు, చెరువు గట్టున ఉన్న ధీమాతోనే పెద్ద సరస్సు పక్కనా పడుకుంటారు. ఈ వ్యాసంలో ఒక్కో ఇబ్బంది ఎలా కనిపిస్తుందో, ఎందుకు వస్తుందో, ఉన్నచోటనే ఎలా సరిచేసుకోవచ్చో వివరిస్తున్నాను. పేరు చెప్పవలసిన చోట ఉత్తర అమెరికాలోని మహా సరస్సులను ఉదాహరణగా తీసుకున్నాను, ఎందుకంటే మంచినీటి ఒడ్డున ఏర్పడిన ఇసుక తిన్నెల్లో విస్తారానికి పేరుపడ్డవి అక్కడ మిషిగన్ సరస్సు చుట్టూ ఉన్నాయి.

మేకులు దిగుతున్నాయి గాని నిలవడం లేదు

చేత్తో నొక్కితేనే మేకు దిగిపోతుంది, తాడు బిగించగానే అంతే సులువుగా పైకి వస్తుంది. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా గట్టిగా ఉన్నట్టే కనిపించి, గాలి పుంజుకున్నాక ఒకదాని తరువాత ఒకటి ఊడిపోతాయి. ఊడబోయే మేకు మొదలును వంగి చూస్తే, దాని చుట్టూ గరాటు ఆకారంలో చిన్న గుంట కనిపిస్తుంది. గాలి తాడును లాగి వదిలినప్పుడల్లా మేకు అటూ ఇటూ ఊగుతుంది, ఆ సందులోకి పైనున్న పొడి ఇసుక జారుతుంది, తరువాతి ఊపుకు మేకు ఇంకొంచెం పైకి లేస్తుంది.

మట్టిలో బంక ఉంటుంది, వేళ్లు ఉంటాయి, అవి మేకును పట్టి ఉంచుతాయి. పొడి ఇసుక రేణువులకు ఒకదానినొకటి అంటుకునే గుణం లేదు కనుక, గుడారంతో పాటు వచ్చే జానెడు నున్నటి మేకుకు అందులో దొరికే పట్టు నామమాత్రం. తడి ఇసుక కొంత మెరుగు, ఎందుకంటే రేణువుల మధ్య నిలిచిన పలుచని నీటి పొర వాటిని దగ్గరకు లాగుతుంది, కానీ ఎండ తగిలి ఆరగానే ఆ పట్టూ పోతుంది.

దీనికి తిరుగులేని ఉపాయం మేకును నిలువుగా దించడం మానుకొని బరువును అడ్డంగా పాతిపెట్టడం. ఒక గుడ్డ సంచిని ఇసుకతో నింపి మూతి కట్టాలి, లేదా మూరెడు పొడవున్న గట్టి కర్రను తీసుకోవాలి. తాడు లాగే దిశకు అడ్డంగా 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతున గుంట తవ్వి, సంచి లేదా కర్ర నడిమికి తాడు కట్టి గుంటలో పెట్టాలి. తాడు గుంట నుంచి నిటారుగా పైకి రాకుండా గుడారం వైపు ఏటవాలుగా రావడానికి ఒక సన్నని కాలువ కూడా తీయాలి, లేకపోతే తాడు బిగించినకొద్దీ సంచి పైకి లేస్తుంది. తరువాత గుంట పూడ్చి, కాలితో తొక్కి, మీద నీళ్లు పోయాలి. మొదటిసారి నేను బద్ధకించి నింపిన సంచులను ఇసుక మీదనే పెట్టి తాళ్లు కట్టాను. రాత్రి వీచిన గాలికి అవి గీతలు గీస్తూ జరిగిపోయాయి. అవే సంచులను మరునాడు పాతిపెడితే, చివరికి విప్పుకునేటప్పుడు తవ్వి తీయవలసి వచ్చింది. ఇసుక కోసమే చేసిన పొడవాటి, వెడల్పాటి మేకులు దొరుకుతాయి, అవీ పనిచేస్తాయి గాని, గట్టి గాలికి నేను పాతిన సంచినే నమ్ముతాను.

గాలి తక్కువ తగిలే చోటు కదా అని తిన్నె మీద, గడ్డి మధ్య గుడారం వేయకూడదు. తిన్నెను కదలకుండా పట్టి ఉంచేది ఆ గడ్డి వేళ్లే. అవి తెగిన చోట గాలి ఇసుకను తవ్వుకుపోతుంది. పార్కులు గుర్తించి ఇచ్చిన స్థలాలలోనే విడిది చేయమనేది ఇందుకే.

ఉదయం ప్రశాంతంగా ఉన్న చోట మధ్యాహ్నానికి గుడారం చదునైపోతోంది

ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేచినకొద్దీ, దాని స్థానంలోకి సరస్సు మీది చల్లగాలి వస్తుంది. పొద్దెక్కాక మొదలయ్యే ఈ గాలి మధ్యాహ్నం దాటాక ఉద్ధృతమై, సాయంత్రానికి తగ్గి, రాత్రి బలహీనంగా నేల నుంచి నీటి వైపు తిరుగుతుంది. కాబట్టి ఉదయం గాలి లేదని విశాలమైన పక్కను నీటి వైపు పెట్టి గుడారం వేస్తే, మధ్యాహ్నం అది తెరచాపగా మారుతుంది. ఇరుకైన, పల్లపు వైపును నీటికి ఎదురుగా ఉంచి, వాకిలిని పక్కకు లేదా నీటికి వెనుక వైపుకు తిప్పడం సరైన పద్ధతి. గుడారం వదిలి నడకకు వెళ్లేటప్పుడు లోపల బరువైన సామాను నాలుగు మూలలా ఉంచాలి.

జిప్పు బిగుసుకుపోయింది, లేదా మూసినా వెనుక విడిపోతోంది

ఇవి ఒకే జబ్బుకు రెండు దశలు. మొదటి దశలో పళ్ల మధ్య ఇసుక చేరి రన్నర్ కదలదు. అప్పుడు బలంగా లాగితే ఇసుక ఆకురాయిలా పనిచేసి రన్నర్ లోపలి గోడలను అరగదీస్తుంది. అరిగి వదులైన రన్నర్ జరుగుతుంది గాని పళ్లను కలపదు, అది రెండవ దశ.

మొదటి దశలో ఉంటే లాగడం ఆపి, పాత టూత్‌బ్రష్‌తో పళ్లను పొడిగా దులిపి, శుభ్రమైన నీటితో కడగాలి. కొబ్బరినూనె గాని, మరే నూనె గాని పూయకూడదు. ఆ పూటకు జారినట్టే ఉంటుంది గాని, మరునాటికి నూనె పట్టుకున్న ఇసుకతో జిప్పు ముద్దగా తయారవుతుంది. కొవ్వొత్తి ముక్కను పళ్ల వెంట రుద్దితే చాలు. రెండవ దశకు వస్తే, రన్నర్‌ను మొదటికంటా వెనక్కి లాగి, కటింగ్ ప్లయర్‌తో దాని రెండు పక్కలను ఒకటి తరువాత ఒకటి వెంట్రుకవాసి నొక్కి, జరిపి చూసి, అవసరమైతే మళ్లీ నొక్కాలి. ఒకేసారి గట్టిగా నొక్కితే విరిగిపోతుంది, అప్పుడు ఊరు చేరేదాకా పిన్నీసులే గతి.

పక్క మీద ఇసుక చేరుతోంది

తడి కాళ్లతో లోపలికి రావడమే ఇందుకు ముఖ్య కారణం. తడి ఇసుకను దులపడానికి ప్రయత్నించకుండా ఆరనిచ్చి దులిపితే మొత్తం రాలిపోతుంది. వాకిలి బయట ఒక పట్టా, ఒక చిన్న బొచ్చెలో నీళ్లు ఉంచాలి. దోమతెర సందుల్లోంచి సన్నని ఇసుక వస్తున్నట్టయితే, గాలి వచ్చే వైపున పైకప్పు అంచును నేలకు దగ్గరగా దించాలి.

వాన లేకపోయినా తెల్లవారేసరికి లోపల తడి

పైకప్పు లోపలి వైపున సన్నని చుక్కలు అంతటా సమానంగా ఉంటే అది కారుడు కాదు, ఆవిరి చల్లబడి పట్టిన తేమ. కుట్ల వెంట మాత్రమే తడి ఉంటే, అది కారుడు. నీటి ఒడ్డున గాలిలో ముందే తేమ ఎక్కువ, పైగా ఇసుక వస్తుందని కిటికీలన్నీ మూసుకొని నిద్రపోతారు కనుక శ్వాసలోని ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. ఎదురెదురుగా రెండు చోట్ల, వీలైతే పై భాగంలో, గాలి దారులు తెరిచి ఉంచాలి. చలిగా ఉన్నా ఇది తప్పదు.

పొయ్యి మీద నీళ్లు ఎంతకీ మరగడం లేదు

గాలి మంటను గిన్నె కింద నుంచి పక్కకు తోసేస్తోంది. అడ్డు పెట్టాలి, కానీ గ్యాస్ డబ్బా మీదనే బర్నరు బిగించే రకమైతే చుట్టూ పూర్తిగా మూసే అడ్డు పెట్టకూడదు, ఎందుకంటే వేడి తిరిగి డబ్బాకే తగిలి అది పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే ఒక్క వైపే, కొంత ఎడంగా అడ్డు ఉండాలి. పొయ్యి కాళ్లు ఇసుకలో దిగబడి గిన్నె ఒరగకుండా కింద ఒక చెక్కపలక వేసుకోవాలి. ఎంత గాలి వీచినా పొయ్యిని గుడారంలోకి తేకూడదు. మంట కన్నా ముందు, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఇసుకలో నడిచినవారి కాళ్లు కాలుతున్నాయి

పగలు కాలితే కారణం ఎండ, చెప్పులతో తీరుతుంది. రాత్రిగాని, మరునాటి ఉదయంగాని కాలితే కారణం మనిషి. నెగడు చల్లార్చడానికి మీద ఇసుక కప్పి వెళ్లిపోయినవారు మంటను దాచారు గాని ఆర్పలేదు. ఇసుక వేడిని బయటికి పోనివ్వదు, కింద నిప్పులు గంటల తరబడి అలాగే ఉంటాయి. పైన చూస్తే మామూలు ఇసుకే, అందుకే పిల్లలు దాని మీదనే పరుగెత్తుతారు. నిప్పుల మీద పుష్కలంగా నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేతి వెనుక భాగాన్ని దగ్గర పెట్టినా వేడి తగలని దాకా అలాగే చేయాలి. పార్కువారు అమర్చిన ఇనుప గుంటలుంటే వాటిలో తప్ప మరెక్కడా నెగడు వేయకూడదు. కాలు కాలితే 20 నిమిషాల పాటు చల్లని పారే నీటి కింద ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, వెన్న వంటివి పెట్టకూడదు. బొబ్బలు లేస్తే వైద్యునికి చూపించాలి.

తిన్నె దిగడం నిమిషాల పని, ఎక్కడం మాత్రం సాగడం లేదు

పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల వాలు దగ్గర తనంతట తాను జారడం మొదలుపెడుతుంది. గాలి చాటున ఉండే నిటారు ముఖం ఎప్పుడూ ఆ అంచునే ఉంటుంది కనుక, వేసిన అడుగులో చాలా భాగం వెనక్కి జారిపోతుంది. మిషిగన్ సరస్సు ఒడ్డున స్లీపింగ్ బేర్ తిన్నెల దగ్గర నీటికి దిగే ఏటవాలు సుమారు 137 మీటర్ల ఎత్తు ఉంటుంది. సరదాగా దిగినవారు తిరిగి ఎక్కలేక రక్షణ సిబ్బందిని పిలవవలసి వస్తుందని అక్కడ ముందే హెచ్చరిస్తారు. దిగేముందే తిరుగు ప్రయాణానికి సరిపడా నీళ్లు, ఓపిక ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇప్పటికే కింద చిక్కుకున్నవారు నిటారుగా కాక, గుర్తించిన బాట వెంట, ఇతరులు తొక్కిన అడుగుల్లోనే కాళ్లు పెడుతూ ఎక్కాలి.

మూసివేసిన తిన్నెల మీదికి వెళ్లకూడదన్నది చాదస్తం కాదు. 2013 జులైలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డునే ఉన్న మౌంట్ బాల్డీ తిన్నె మీద నడుస్తున్న ఆరేళ్ల బాలుడు ఉన్నట్టుండి ఇసుకలో కూరుకుపోయాడు. మూడు గంటలకు పైగా తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. ముందుకు జరుగుతున్న తిన్నె కప్పేసిన చెట్లు లోపల కుళ్లి, ఖాళీ గొట్టాలుగా మిగలడమే అక్కడి గుంటలకు కారణమని తరువాత తేలింది. మనం తవ్వే గుంటలూ ఇలాగే కూలుతాయి. పిల్లలు తవ్వే గుంట వారి మోకాలి లోతు దాటకుండా చూసి, వెళ్లేముందు పూడ్చాలి.

సముద్రం కాదు కదా, ఒడ్డున ఉంచిన సామాను ఎలా తడిసింది?

ఆటుపోట్ల వల్ల కాదు. మహా సరస్సుల్లో ఆటుపోట్లు 5 సెంటీమీటర్లకు లోపే. కానీ గాలి ఒకే దిశలో గంటల కొద్దీ వీస్తే నీటిని ఒక చివరకు తోసి పోగుచేస్తుంది, గాలి తగ్గగానే ఆ నీరు తొట్టిలో ఊగినట్టు వెనక్కి వస్తుంది. లోతు తక్కువ, పొడవు ఎక్కువ ఉన్న ఈరీ సరస్సులో తుపాను వేళ రెండు చివరల నీటిమట్టాల మధ్య 2 మీటర్లకు మించి తేడా రావడం కద్దు. గాలివాన సరస్సు మీదుగా వేగంగా దూసుకుపోయినా నీరు లేస్తుంది: 1954 జూన్ 26న మిషిగన్ సరస్సు మీద అలా జరిగి, చికాగో ఒడ్డున హఠాత్తుగా లేచిన నీటికి ఎనిమిది మంది చనిపోయారు. అందువల్ల చెప్పులు, పడవ, గాలి పరుపు వంటివన్నీ అలలు తెచ్చిపెట్టిన పుల్లల గీతకు బాగా పైన ఉంచాలి. ఒడ్డు నుంచి నీటి వైపు గాలి వీచే రోజున గాలి పరుపుల మీద పిల్లలను నీళ్లలోకి పంపకూడదు.

ఆ గాలే మరో వింతకూ కారణం. నిన్న హాయిగా ఉన్న నీరు ఇవాళ ఎండ కాస్తున్నా కొరుకుతుంది. పైనున్న వెచ్చని నీటిని గాలి లోపలికి తోసేయగా, అడుగున ఉన్న చన్నీరు ఒడ్డున తేలింది. ఒక్కసారిగా దూకితే ఊపిరి అదుపు తప్పుతుంది కాబట్టి కాళ్లతో తెలుసుకుంటూ నెమ్మదిగా దిగాలి. అలలు పెద్దవిగా ఉన్న రోజున పెద్ద సరస్సుల్లోనూ ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు పుడతాయి. చిక్కుకున్నవారు దానికి ఎదురీదకుండా ముందు వెల్లకిలా తేలి, ఊపిరి కుదుటపడ్డాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి.

నీటి మీద పచ్చని రంగు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే దిగకూడదు, కుక్కలను తాగనివ్వకూడదు. ఆ నాచు విషాన్ని మరిగించడం వల్ల తొలగించలేము.

దోమల మందు రాసుకున్నా మడమల మీద ఏదో కుడుతోంది

చూడటానికి ఇంటి ఈగలా ఉండే కుట్టే ఈగ ఇది. దోమల మందు దీని మీద అంతగా పనిచేయదు. కుళ్లిన నాచు, గడ్డి కుప్పల్లో పుట్టి, గాలివాటున ఒడ్డుకు చేరుతుంది. మేజోళ్లు, పొడవాటి ప్యాంటు వేసుకోవడం, గాలి మారేదాకా నీటికి దూరంగా ఉండటం తప్ప వేరే మందు నాకు కనిపించలేదు.

ఇంటికి తెచ్చాక గుడారం వాసన వేస్తోంది

తేమతోనే మడిచి సంచిలో పెట్టడం వల్ల బూజు పట్టింది. బయలుదేరే రోజు ఉదయం ఆరబెట్టే తీరిక ఉండదు కాబట్టి, ఇంటికి చేరిన రోజే తాడు మీద వేసి, మూలల్లోని ఇసుక దులిపి, చల్లని నీటితో స్పాంజితో తుడిచి, నీడలో రెండు వైపులా పూర్తిగా ఆరనివ్వాలి. బట్టల యంత్రంలో వేస్తే పైపూత ఊడిపోతుంది. స్తంభాల కీళ్లలో మిగిలిన ఇసుకను విడిగా కడగాలి, లేకపోతే తరువాతిసారి అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కొని ఊడి రావు.