సుత్తి పడకముందే చూసుకోవాల్సినవి: యుద్ధానికి ముందునాటి కారును వేలంలో కొనేవారికి

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కారును బ్రిటన్‌లో వేలంలో కొనాలనుకుంటే కేటలాగును చివరి పేజీల నుంచి మొదలుపెట్టండి. సన్న అక్షరాల్లో నిబంధనలు ఉండేది అక్కడే. పాట మీ పేరున కొట్టేశాక కారు మీదే, దాని జబ్బులూ మీవే. నచ్చలేదని తిరిగిచ్చే వీలుండదు. చాలాచోట్ల ముందుగా నడిపి చూడనివ్వరు కూడా.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, అది నిజంగా వాళ్లు చెబుతున్న కారేనా అన్నది. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్, బెంట్లీ వంటి కంపెనీలు ఛాసీ (కారు అడుగు చట్రం), ఇంజన్ తయారుచేసి ఇస్తే బాడీ మరొకరు కట్టేవారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ. ఇలా విడిగా కట్టిన బాడీని విడిగా ఊడదీయడమూ తేలికే. పైకప్పున్న బరువైన సెలూన్ బాడీలు తీసేసి, పైకప్పు లేని టూరర్ బాడీలు ఎక్కించిన కార్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. ఆ సంగతి దాచకుండా చెబితే తప్పేం లేదు, కానీ అసలు బాడీకి పెట్టే ధర దానికి పెట్టకండి.

1929, 1930లలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ విషయంలో ఈ తగువు 1990లో లండన్ హైకోర్టుకెక్కింది. కోటి పౌండ్లకు బేరం కుదిరాక, అది అసలు కారు కాదని కొన్నవారు అడ్డం తిరిగారు. భాగాలు మారుతూ వచ్చినా కారు చరిత్ర తెగలేదని కోర్టు అమ్మినాయన పక్షానే తీర్పిచ్చింది.

కాబట్టి ఛాసీ నంబరు, ఇంజన్ నంబరు మీ కళ్లతో చూసి పాత లాగ్‌బుక్కుతో (అప్పటి రిజిస్ట్రేషన్ పుస్తకం), వీ5సీ అనే ఇప్పటి బ్రిటన్ రిజిస్ట్రేషన్ పత్రంతో పోల్చుకోండి. నంబరు చుట్టూ లోహం గీకినట్టున్నా, కొత్త వెల్డింగ్ కనిపించినా అడగండి. వీ5సీ ఉన్నంత మాత్రాన అమ్మేవాడు యజమాని అయిపోడు, కొనుగోలు రసీదులు కూడా చూడాలి. రోల్స్‌రాయిస్ అయితే ఇంగ్లండ్‌లోని పాలర్స్‌పరీలో ఉన్న ఎంథూసియాస్ట్స్ క్లబ్బు (ఆ కార్ల అభిమానుల సంఘం) దగ్గర ఒక్కో ఛాసీ వివరాలు రాసిన ఫ్యాక్టరీ కార్డులున్నాయి. వేలానికి కొన్ని వారాల ముందే వాళ్లకు రాయండి.

పెయింటు మెరుపు చూసి మురిసిపోవద్దు. చాలా కార్లలో రేకు కింద ఉండేది యాష్ అనే చెట్టు చెక్కతో చేసిన చట్రం. తలుపు తెరిచి మెల్లగా పైకెత్తండి. తలుపు కీళ్లు బిగించిన స్తంభం కూడా కదిలితే లోపల చెక్క పుచ్చినట్టే. ఆ చట్రం మళ్లీ కట్టించడానికయ్యే ఖర్చు కొన్నిసార్లు కారు ధరనే మించిపోతుంది. సిలిండర్ బ్లాకు పక్కన పొడవాటి అతుకు కనిపిస్తే, చలికాలంలో లోపలి నీరు గడ్డకట్టి పగిలిందేమో అనుమానించండి. ఇంజన్ స్టార్ట్ చేసి చూపిస్తామంటే ముందు రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వెచ్చగా ఉంటే చల్లటి ఇంజన్ ఎంత మొరాయిస్తుందో మీకు తెలియదు. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు బ్రిటన్‌లో ఎంఓటీ (కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో చూసే ఏటేటి తనిఖీ) తప్పనిసరి కాదు. కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పరీక్షించని కారు కూడా దర్జాగా వేలానికి రావచ్చు. ఆ తరం కార్లు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఆయన ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

డబ్బు లెక్క ఇంట్లోనే తేల్చుకోండి. పాట 30,000 పౌండ్ల దగ్గర ఆగిందనుకుందాం. కొన్నవారి దగ్గర వేలం సంస్థ అదనంగా తీసుకునే ప్రీమియం 15 శాతమైతే 4,500, దాని మీద 20 శాతం వ్యాట్ 900, మొత్తం 35,400. రవాణా, బీమా, టైర్లు ఇందులో లేవు. టైర్లకు గాడులు లోతుగా ఉన్నా వయసు మీరితే మార్చాల్సిందే. మీ హద్దు కాగితం మీద రాసుకుని, పక్కవాడు పెంచినా అక్కడే ఆగిపోండి.

గెలిచిన రోజే నడుపుకుంటూ ఇంటికి బయలుదేరవద్దని గట్టిగా చెబుతున్నాను. యుద్ధానికి ముందునాటి చాలా కార్లలో యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడి చివర ఉంటాయి. కంగారులో కాలు పాత అలవాటు ప్రకారమే పోతుంది. పైగా రాడ్లతో, కేబుళ్లతో పనిచేసే బ్రేకులు నేటి బ్రేకుల్లా పట్టవు. ట్రైలర్ మాట్లాడుకోండి. పెట్రోలు బంకులో ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపినది) కాకుండా ఈ5 (5 శాతం దాకా కలిపినది) పోయించండి. ఇథనాల్ ఎక్కువైతే పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు పాడవుతాయి.

కారును హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకునే ఆలోచన ఉంటే, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాలకు వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. రోజువారీ తిరుగుళ్లకు, వ్యాపారానికి వాడకూడదు. దిగుమతి సుంకం ఎంతవుతుందో కస్టమ్స్ ఏజెంటు చేత రాతపూర్వకంగా తీసుకున్నాకే పాటకు దిగండి.